ఓపీ గది బయట: మీ ఉత్తరాలకు జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో, పేషెంటు మాట డాక్టరుకు, డాక్టరు మాట పేషెంటుకు అందకపోవడం గురించి ఓ పది లైన్లు రాసి వదిలేశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. నర్సులు రాశారు, హౌస్ సర్జన్లు రాశారు, అమెరికా నుంచి కూడా రాశారు. సర్కారు కొలువులో ముప్పై ఏళ్లు ఓపీ చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంతలో చెబుతాను. పేర్లు తీసేశాను, ఉత్తరాలు కాస్త కుదించాను.

ప్రశ్న: నేను పాడేరు వైపు ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. మా దగ్గరకి కొండ మీది ఊళ్ల నుంచి గర్భిణులు వస్తారు, కొందరిని ఇప్పటికీ డోలీలో మోసుకొస్తారు. అంత కష్టపడి వచ్చినవాళ్లు నొప్పులు మొదలవకముందే చెప్పాపెట్టకుండా వెళ్లిపోతున్నారు. మొన్న ఒకామె రాత్రికి రాత్రే వెళ్లిపోయింది, కాన్పు ఇంట్లోనే అయింది. అదృష్టం, ఇద్దరూ బాగున్నారు. కానీ మాకు మెమో వచ్చింది. వాళ్లకి తెలుగు సరిగా రాదు, ఎంత చెప్పినా వినరు. ఏం చేయమంటారు?

జవాబు: సిస్టర్, మెమో బాధ నాకు తెలుసు, నేనూ తిన్నాను. అయినా అడుగుతున్నాను, ఆ వెళ్లిపోయినావిడని మళ్లీ కలిశాక ఎందుకు వెళ్లిపోయావని ఎవరైనా అడిగారా? తిట్టడం కాదు నేనంటున్నది, అడగడం. చాలాసార్లు కారణం మనం అనుకున్నంత పెద్దది కాదు. ఇంట్లో ఇంకో ఇద్దరు చిన్నపిల్లలు, వాళ్లకి వండిపెట్టే దిక్కు లేదు. లేదా వెంట వచ్చిన అత్తని వార్డు లోపలికి రానివ్వలేదు, కొత్త చోట ఒక్కతే భయపడింది. లేదా పక్క మంచం ఆమెకి సిజేరియన్ అయితే, ఇక్కడ అందరికీ కడుపు కోస్తారనుకుంది. ‘మూఢనమ్మకం’ అని కేస్ షీట్ మీద రాసేయడం తేలిక. ఈ మూడింటిలో మూఢనమ్మకం ఎక్కడుంది?

ముందు భాష సంగతి. ‘తెలుగు రాదు’ అని ఊరుకోకుండా ఏ భాష వచ్చో కనుక్కోండి. మీ వైపు కొందరు కువి మాట్లాడతారు, కొందరు ఆదివాసీ ఒడియా. అందరినీ ‘ఏజెన్సీవాళ్లు’ అని ఒకే గాటన కట్టేస్తాం కానీ ఒక కొండవాళ్ల మాట పక్క కొండవాళ్లకి రాకపోవచ్చు. కేస్ షీట్‌లో వయసు, బరువు రాసినట్టే మాట్లాడే భాష ఏమిటో ఒక గీత మీద రాయండి, రాత్రి డ్యూటీకి వచ్చే సిస్టర్‌కి పనికొస్తుంది. 2005లో ఆశా వ్యవస్థ పెట్టినప్పుడు ఆశా కార్యకర్త అదే ఊరి ఆడమనిషి అయ్యుండాలని నిబంధన పెట్టింది ఇందుకే కూడా. ఆమెని సంతకాలు పెట్టించడానికీ, కేసు తీసుకొచ్చినందుకు లెక్క రాయడానికీ మాత్రమే వాడుకుంటున్నాం.

నా తప్పు ఒకటి చెప్తాను. కొత్తగా ఏజెన్సీ పీహెచ్‌సీకి వెళ్లిన రోజుల్లో ఒకావిడకి మాత్రలిచ్చి ‘మూడు పూటలా తిన్నాక వేసుకో’ అన్నాను. తలూపింది. వారం తర్వాత వస్తే జ్వరం అలాగే ఉంది, మాత్రలు మిగిలిపోయి ఉన్నాయి. గట్టిగా కసిరాను. వెంట వచ్చిన ముసలాయన మెల్లగా అన్నాడు, ‘బాబూ, మేం తినేది రెండు పూటలే కదా’ అని. ఆవిడ నేను చెప్పింది చెప్పినట్టే చేసింది! ఆ రోజు నుంచి మందు రాసేముందు ‘మీరు ఎన్నిసార్లు తింటారు, ఎప్పుడు తింటారు’ అని అడగడం అలవాటు చేసుకున్నాను. తలూపితే అర్థమైనట్టు కాదు, పెద్దమనిషి ముందు కాదనలేకపోయినట్టు. ‘ఇంటికెళ్లాక ఎలా వేసుకుంటావో నాకు చెప్పు’ అంటే అసలు సంగతి బయటపడుతుంది.

ఇక కాన్పు గది. కాన్పు గదుల్ని బాగుచేయడానికి 2017 చివర్లో కేంద్రం మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమంలో, కాన్పు సమయంలో తల్లి పక్కన తన మనిషి, అంటే ఒక ఆడతోడు, ఉండొచ్చని ఉంది. కాబట్టి అత్తనో అమ్మనో గుమ్మం దగ్గర ఆపేయడం మన అలవాటే తప్ప రూలు కాదు. ఊళ్లో కాన్పులు చేసే మంత్రసాని కూడా ఆడమనిషే కదా, ఆవిడని లోపల కూర్చోబెడితే మీకు పనీ తేలికవుతుంది, మళ్లీ ఆ ఊరి నుంచి కేసూ వస్తుంది. గొంతుకూర్చుని కనడం అలవాటైనవాళ్లని టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కడితే భయపడరా మరి? తల్లి తనకి వీలైన భంగిమలో ఉండొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 కాన్పు మార్గదర్శకాల్లోనే ఉంది. మీ డాక్టరుగారికి అది చూపించి ఒప్పించండి. ఒక విషయంలో మాత్రం మెత్తబడకండి. కాన్పు అయ్యాక రక్తం పోతే కొండ మీద ఎవరూ కాపాడలేరు, అందుకే బిడ్డ పుట్టగానే ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజక్షన్ కోసమైనా కిందికి రావాలి. అది వాళ్ల మాటల్లో, వాళ్ల ఊళ్లో జరిగిన సంగతితో చెప్పండి. రక్తం పోయి చనిపోయిన మనిషి గుర్తులేని ఊరు ఉండదు.

సాలూరులో గిరిజన గర్భిణులకి నెలలు నిండేముందు నుంచే ఉండడానికి వసతి గృహం పెట్టారు. ఇంటి పిల్లలని వెంట తెచ్చుకోవచ్చా, తినేది ఏమిటి అన్న చిన్న విషయాలే అలాంటి చోట్ల జనం నిలుస్తారా లేదా అన్నది తేలుస్తాయి. మీ ఆసుపత్రిలో ఒక గది, రెండు చాపలు, వంట చేసుకునే చోటు చూడగలరేమో అడిగి చూడండి. మెమోకి జవాబులో ఇదే రాయండి.

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా. మహబూబాబాద్ వైపు హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. తెలుగే కదా అనుకున్నాను. మొదటి రోజే ఒకాయన ‘పెయ్యి కాలుతుంది సార్’ అంటే ఆవుదూడకి ఏమైందని అడిగాను. వార్డంతా నవ్వింది. నన్ను చూసి పేషెంట్లు మాట్లాడటం మానేశారు.

జవాబు: బాబూ, నాకూ నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. నీకు పెయ్య అంటే దూడ, ఆయనకి పెయ్యి అంటే ఒళ్లు. పానం బాగలేదంటే ఆరోగ్యం బాగాలేదని, సర్ది అంటే జలుబు, దమ్ము వస్తుంది అంటే ఆయాసం. మీ వైపు దమ్ము అంటే ఇంకోటి కదా, ధైర్యమో, సిగరెట్టో. ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకుని రోజూ విన్న కొత్త మాట రాసుకో. అది పేషెంటు చూస్తుండగానే రాసుకో, ‘మీరు ఏమంటారు దీన్ని?’ అని అడుగుతూ. నవ్విన వార్డే నీకు నేర్పిస్తుంది. 2019 నుంచి ఎంబీబీఎస్ మొదట్లో ఫౌండేషన్ కోర్సులో స్థానిక భాష, కమ్యూనికేషన్ అని పెట్టారు కానీ, అందులో తెలుగు రానివాళ్లకి తెలుగు నేర్పుతారు తప్ప తెలుగువాడికి ఇంకో తెలుగు ఎవరు నేర్పుతారు.

యాసకన్నా జాగ్రత్తగా వినాల్సినవి ఇంకొన్ని మాటలున్నాయి. ఆడవాళ్లు ‘తెల్లబట్ట’ అంటారు, ‘నీళ్లోసుకుంది’ అంటారు, ‘డేటు తప్పింది’ అంటారు. మగడాక్టరు ముందు అదీ అనరు, ‘నడుం నొప్పి’ అని ఆగిపోతారు. సిస్టర్‌ని పక్కన ఉంచుకుని మళ్లీ అడుగు. రెండోది ‘గ్యాస్’. రెండు రాష్ట్రాల్లోనూ ఛాతీలో ఏమొచ్చినా గ్యాసే. షుగరున్న యాభై దాటిన మనిషి చెమటలు పోసి ‘గ్యాస్ పట్టేసింది’ అంటే యాంటాసిడ్ రాసి పంపకు, ముందు ఈసీజీ తియ్యి. ఆడవాళ్లలో, షుగరున్నవాళ్లలో గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా నీరసంగా, ఆయాసంగా కూడా వస్తుంది. ‘నీరసం’ అన్న మాటకి చెయ్యాల్సిన పరీక్షలు బోలెడు, దాన్ని బి-కాంప్లెక్స్‌తో సరిపెట్టడం మనం చేసే పెద్ద పాపం.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. అమ్మ గుంటూరు నుంచి వచ్చి గ్రీన్ కార్డు మీద మాతోనే ఉంటోంది. నాకు ఆఫీసు ఉండి మా ఆయన అమ్మని డాక్టరు దగ్గరకి తీసుకెళ్లారు, ఆయనే తెలుగులోకి చెప్పారు. అమ్మ అన్నిటికీ ‘బాగానే ఉంది’ అంది. మూడు నెలల తర్వాత తెలిసింది, ముట్లుడిగిన పదేళ్లకి మళ్లీ రక్తం కనిపిస్తోందట, ఆ రోజు చెప్పలేదు. ఇప్పుడు బయాప్సీ చేశారు. నాకు అమ్మ మీద కోపం, మా ఆయన మీద కోపం, నా మీద నాకే కోపం.

జవాబు: అమ్మా, ఎవరి మీదా కోపం వద్దు. అల్లుడి ఎదురుగా కుర్చీలో కూర్చోవడానికే మొహమాటపడే తరం మీ అమ్మగారిది. ఆ అల్లుడి నోటి గుండానే ‘నాకు అక్కడ రక్తం పోతోంది’ అని డాక్టరుకి చెప్పమంటే ఎలా చెబుతారు? ఆయన తప్పేమీ లేదు, మీ అమ్మగారి తప్పూ లేదు. తప్పు ఆ క్లినిక్‌ది. ఎందుకంటే అక్కడి చట్టం ఈ సంగతి ముందే ఊహించింది. 1964 పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 6, తర్వాత 2010 అఫర్డబుల్ కేర్ యాక్ట్‌లో 1557 సెక్షన్, ఈ రెండింటి ప్రకారం ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రి, అంటే మెడికేర్, మెడికెయిడ్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమాలు తీసుకునే దాదాపు ప్రతి ఆసుపత్రీ, ఇంగ్లీషు రాని పేషెంటుకి అర్హత ఉన్న దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. ఇంట్లోవాళ్లని తెచ్చుకోమనకూడదు. పిల్లల చేత చెప్పించడం అత్యవసరంలో తప్ప అసలే కుదరదు. పదేళ్ల మనవడు నానమ్మకి ‘మీకు ట్యూమర్ అట’ అని చెప్పిన ఇళ్లు నాకు తెలుసు, ఇద్దరికీ అది పోని జ్ఞాపకం.

ఇప్పుడు చేయాల్సింది. అపాయింట్‌మెంట్ ఫోన్‌లోనే ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని చెప్పండి, రికార్డులో ఆవిడ భాష తెలుగు అని రాయించండి. ‘ఇండియన్’ అంటే హిందీ ఆవిడని లైన్‌లోకి తెస్తారు, గుంటూరు నుంచి వచ్చిన మీ అమ్మగారికి హిందీ ఏం వస్తుంది. ఫోన్‌లోనో వీడియోలోనో వచ్చే మనిషైనా ఫరవాలేదు, నిజానికి మొహం తెలియని మనిషైతేనే ఇలాంటి విషయాలు తేలిగ్గా నోట్లోంచి వస్తాయి. ఆడమనిషి కావాలని అడగండి. డాక్టరు కూడా ఆడమనిషైతే మేలు. మీరు గదిలో ఉండండి, కానీ మాట్లాడకండి. అది కష్టం, నాకు తెలుసు. అమ్మ ‘బాగానే ఉంది’ అన్నప్పుడల్లా మీకు నోరు దురద పెడుతుంది. ఒక కాగితం మీద రాసుకుని చివర్లో అడగండి.

ఇంకో చిన్న ముక్క, అడగకపోయినా చెబుతున్నాను. అక్కడి డాక్టర్లు బరువు లెక్క చూసి ‘మీరు సన్నగానే ఉన్నారు, షుగర్ పరీక్ష అక్కర్లేదు’ అంటే ఒప్పుకోకండి. మన ఆసియావాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, 23కి చేరగానే షుగర్ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషనే 2015 నుంచి చెబుతోంది, అందరికీ పెట్టే 25 కాదు. మీకూ వర్తిస్తుంది, మీ ఆయనకీ.

బయాప్సీ ఫలితం వచ్చాక మళ్లీ రాయండి.

ప్రశ్న: మాది కర్నూలు. మా అబ్బాజాన్‌కి 68 ఏళ్లు, షుగర్ పన్నెండేళ్లుగా ఉంది, రోజుకి రెండుసార్లు ఇన్సులిన్. రంజాన్‌లో రోజా ఉంటానంటే డాక్టరు ‘ఉంటే నా దగ్గరకి రాకండి’ అన్నారు. అబ్బా డాక్టరు దగ్గరకి వెళ్లడం మానేశారు, రోజా మానలేదు.

జవాబు: చూశారా, డాక్టరు గెలిచాననుకున్నాడు, పేషెంటు పోయాడు. పన్నెండేళ్ల షుగరూ ఇన్సులినూ ఉన్న మనిషిని రోజా వద్దనడం వైద్యం ప్రకారం తప్పేమీ కాదు, నేనూ బహుశా అదే అంటాను. అన్న తీరే చెడింది. డెబ్బైకి దగ్గరపడిన మనిషికి రంజాన్ అంటే మజీదు, వీధి, మనవళ్లతో ఇఫ్తార్, అన్నీ. అదంతా ఒక్క మాటతో తీసేస్తే ఎవరు ఊరుకుంటారు?

ఇంకో డాక్టరుని చూడండి, కానీ రంజాన్ ముందురోజు కాదు, ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య వాళ్లు 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీనికి మార్కులు వేసే పద్ధతి ఉంది. షుగర్ ఎన్నేళ్ల నుంచి, ఏ మందు, కిడ్నీ ఎలా ఉంది, ఇదివరకు షుగర్ పడిపోయిందా, ఇలా ఒక్కోదానికి మార్కులు. మొత్తం 6 దాటితే ఉపవాసం ప్రమాదం, 3 లోపైతే దాదాపు ఫరవాలేదు. మీ నాన్నగారిని ఎదురుగా కూర్చోబెట్టి ఆ మార్కులు ఆయన చేతే వేయించమనండి. ఎవరో కాదంటే వచ్చే పంతం, తన లెక్క తను చూసుకుంటే రాదు.

ఇన్సులిన్ డోసు మాత్రం ఇంట్లో మీరే మార్చకండి. తెల్లవారుజామున తినే సహరీకి ఎంత, ఇఫ్తార్‌కి ఎంత అనేది డాక్టరే చెప్పాలి. రోజాలో వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే ఉపవాసం పోదు, చాలామంది ఆలిమ్‌లు, అంటే మతపండితులు, ఈ మాటే చెబుతారు, మీ మజీదు ఇమామ్‌గారి నోటితోనే ఆయనకి చెప్పించండి. షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా ఆ క్షణమే రోజా విరమించాలి, ‘ఇంకో గంటేగా మగ్రిబ్ (సాయంత్రం నమాజు)’ అని లాగకూడదు. జబ్బుపడ్డవాళ్లకి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది, ఎప్పటికీ ఉండలేని ముసలివాళ్లు బదులుగా పేదవాళ్లకి అన్నం పెట్టే ఫిద్యా ఉంది. ఇవి ఆయనకి నాకన్నా మీకన్నా బాగా తెలుసు. ఎదురుగా కూర్చున్న డాక్టరుకి కూడా తెలుసని తెలిస్తే మాట వినడం మొదలుపెడతారు. నేనొకసారి ‘ఫిద్యా’ అన్న ఒక్క మాట అన్నందుకు ఒక పెద్దాయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, ఆటలమ్మ పోసింది. అత్తగారు మందులు వేయొద్దంటున్నారు, అమ్మవారికి కోపం వస్తుందట. వేపాకులు పరిచి పడుకోబెట్టారు. డాక్టరు దగ్గరకి వెళితే ఇదంతా చూసి తిడతారని భయం. (తాడేపల్లిగూడెం నుంచి ఒక తల్లి)

జవాబు: వేపాకుల వల్ల నష్టం లేదు తల్లీ, ఉండనివ్వండి. గోళ్లు కత్తిరించండి, నీళ్లు, మజ్జిగ బాగా పట్టండి, బడికి పంపకండి, ఇంట్లో కడుపుతో ఉన్నవాళ్లెవరైనా ఉంటే దూరంగా ఉంచండి. మీ అత్తగారు చెప్పే ‘బయటికి పంపకు, ఎవరినీ రానివ్వకు’ అన్న పథ్యం, మేం చెప్పే ఐసోలేషన్, రెండూ ఒకటే, ఆవిడతో అలాగే అనండి. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఆస్పిరిన్ మాత్రం వద్దే వద్దు, ఆటలమ్మలో పిల్లలకి అది ప్రాణం మీదికి తెస్తుంది. ఆరేళ్ల ఆరోగ్యమైన పిల్లాడికి మామూలుగా దానంతటదే తగ్గిపోతుంది. ఆయాసం, మగత, ఆగని వాంతులు, పొక్కుల చుట్టూ ఎర్రగా వాచడం, వీటిలో ఏది కనిపించినా అమ్మవారికి దణ్ణం పెట్టి ఆసుపత్రికి బయల్దేరండి, అత్తగారిని కూడా తీసుకెళ్లండి.

తిట్టే డాక్టర్ల సంగతికొస్తే, ఆర్థర్ క్లైన్‌మన్ అని హార్వర్డ్‌లో సైకియాట్రిస్టు, మానవశాస్త్రమూ చదివినాయన, 1978లోనే పేషెంటుని అడగాల్సిన ప్రశ్నలు కొన్ని రాసిపెట్టాడు. ఈ జబ్బు ఎందుకొచ్చిందనుకుంటున్నారు, దేనికి ఎక్కువ భయపడుతున్నారు, ఏ వైద్యం జరిగితే బాగుంటుందనుకుంటున్నారు, ఇలాంటివి. రెండు నిమిషాల పని. మీ అత్తగారిని ఎవరైనా ఇలా అడిగి ఉంటే ఇంట్లో గొడవే ఉండేది కాదు.

ప్రశ్న: నాన్నకి ఊపిరితిత్తుల కాన్సర్ అని తేలింది. రాజమండ్రి నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాం. అన్నయ్య, నేను డాక్టరుని బతిమాలాం, నాన్నకి చెప్పొద్దని. తెలిస్తే కుంగిపోతారు. డాక్టరు ‘చెప్పడం నా డ్యూటీ’ అంటున్నారు. ఇది అమెరికా కాదు కదా అండీ?

జవాబు: కాదు బాబూ, మన దగ్గర కుటుంబమంతా కలిసి జబ్బు పడుతుంది, కలిసే నిర్ణయం తీసుకుంటుంది, దాన్ని వెనకబాటుతనం అని కొట్టిపారేసే డాక్టర్లంటే నాకూ పడదు. కానీ మీ నాన్నగారిని మీరిద్దరూ ఏమీ అడగలేదు. 2018లో జాతీయ మానవహక్కుల కమిషన్ తయారుచేసిన పేషెంటు హక్కుల పత్రంలో తన జబ్బు గురించి తెలుసుకునే హక్కు మొట్టమొదటగా ఉంది. ఆ హక్కు ఆయనది, వాడుకోవాలా వద్దా అన్నదీ ఆయన ఇష్టమే.

పైగా ఆయనకి తెలియదని మీరు అనుకుంటున్నారు అంతే. ఆసుపత్రి బోర్డు మీద అంతెత్తు అక్షరాలు, పక్క కుర్చీలో జుట్టు ఊడిన మనిషి, మీ ఇద్దరి మొహాలు. కొడుకులు బాధపడతారని ఆయనా తెలియనట్టు నటిస్తూ ఉండొచ్చు, నేను చూసిన ఇళ్లలో సగం ఇంతే. పొలం ఎవరి పేరు మీద పెట్టాలో, ఎవరికి బాకీ ఉన్నాడో, ఏ తమ్ముడితో ఇరవై ఏళ్లుగా మాటల్లేవో, ఇవన్నీ చెప్పుకోవాల్సిన రోజులు ఆ నటనలో గడిచిపోతాయి.

డాక్టరుతో ఇలా ఒప్పందం చేసుకోండి. ఆయన ఏమీ చెప్పకుండా ముందు ఒకే ఒక్క ప్రశ్న నాన్నగారిని అడగాలి, ‘రిపోర్టులు వచ్చాయండీ, వివరాలు మీకు చెప్పమంటారా, మీ అబ్బాయిలతో మాట్లాడమంటారా?’ అని. ‘వాళ్లతో మాట్లాడండి’ అంటే అది ఆయన తీసుకున్న నిర్ణయం, డాక్టరు డ్యూటీ కూడా తీరినట్టే. ‘నాకే చెప్పండి’ అంటే మీరు పక్కనే ఉండి చెయ్యి పట్టుకోండి. అప్పుడు కూడా అంతా ఒక్క రోజే కుమ్మరించక్కర్లేదు, ఆయన అడిగినంత వరకే. మొదటి రోజు ‘గడ్డ ఉంది, మందులున్నాయి’ దగ్గర ఆగిపోతే ఆగనివ్వండి. మళ్లీ ఆయనే అడుగుతారు, ఎక్కువగా రాత్రిపూట, మీలో ఎవరు మెలకువగా ఉంటే వాళ్లని. ఆ సమయానికి ఎవరుంటారో, ఏమంటారో అన్నదమ్ములిద్దరూ ముందే అనుకుని ఉండండి. నొప్పి గురించి మాత్రం మొహమాటపడొద్దు, పెద్దవాళ్లు ‘ఓర్చుకుంటున్నాను’ అంటారు. ఎంఎన్‌జే కాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించడానికి విడిగా పాలియేటివ్ విభాగం ఉంది, రెడ్ హిల్స్‌లో, మీరున్న చోటికి దూరం కాదనుకుంటా.